సర్వర్ పడిపోయిన మధ్యాహ్నం

మార్చి 4
కొత్త కరెంటు కారుకు అలవాటు పడ్డాను. ఛార్జింగ్‌కే పడలేకపోతున్నాను. ముందు యాప్, తర్వాత ఓటీపీ, ఆ తర్వాత గిర్రున తిరిగే చక్రం. ఫ్యాను వేసుకోవడానికి ఎవరైనా ఫోన్ నంబర్ అడుగుతారా అని తమ్ముడిని దెప్పాను. వాడు ఆ ఛార్జర్ల కంపెనీలోనే సర్వర్లు చూస్తాడు. ప్రతిదీ సర్వర్‌ని అడిగే జరగాలట, లేకపోతే ఎవరు ఎంత వాడారో తేలదట. బ్యాటరీ నా కారులో, కరెంటు గోడలో, పెత్తనం మాత్రం ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ది. ఇదేం ఏర్పాటో.

మార్చి 19
నాన్న మళ్ళీ ఆసుపత్రిలో. ఊపిరితిత్తుల్లో నీరు. పక్క ఊరే కాబట్టి రోజూ నా కళ్లజోళ్ల షాపు కట్టేసి వెళ్ళి వస్తున్నాను. నేను చేసిచ్చిన కళ్లజోడు ముక్కు మీద నిలవడం లేదని ఈ రోజు విసుక్కున్నారు. విసుక్కున్నారంటే బాగున్నట్టే. కాస్త ధైర్యం వచ్చింది.

మార్చి 23
రాయలేను.

మార్చి 26
ఆ మధ్యాహ్నం నర్సు ఫోన్ చేసి వెంటనే రమ్మంది. కారులో ఛార్జింగ్ అడుగంటింది. వీధి చివరి ఛార్జర్ దగ్గరికి వెళ్ళాను. కరెంటు ఉంది, పచ్చ లైటు వెలుగుతోంది. యాప్ మాత్రం సర్వర్ అందుబాటులో లేదు, కాసేపాగి ప్రయత్నించండి అంటోంది. కేబుల్ పీకాను, పెట్టాను, మళ్ళీ పీకాను. తమ్ముడికి చేస్తే కట్ చేశాడు. సర్వర్లు పడిపోయాయి, మాట్లాడలేను అని మెసేజ్ పెట్టాడు. నేను ఎదురుచూస్తున్నదాన్ని బాగు చేస్తున్నది వాడే. నాన్న సంగతి చెబితే చేతులు ఆడవని చెప్పలేదు.

ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని నిలబడి నిలబడి, చివరికి కారు అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఊరు దాటుతుంటే యాప్ మోగింది. సేవలు పునరుద్ధరించాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. దిగి వెనక్కి వెళ్ళాలా, ఇలాగే ముందుకు పోవాలా అనుకుంటుండగానే నర్సు ఫోన్.

"ఇక తొందరపడకండమ్మా, నెమ్మదిగా రండి" అంది.

మార్చి 29
ఆ రోజు ఎందుకు ఆలస్యమైందని తమ్ముడు అడిగాడు. టైరు పంచరైందన్నాను. వాడు సరే అన్నాడు.

ఏప్రిల్ 17
వాడు ఆఫీసులో రోజూ గొడవ పడుతున్నాడని మరదలు చెప్పింది. సర్వర్ పలక్కపోయినా ఛార్జర్ కరెంటు ఇచ్చి తీరాలట, డబ్బు సంగతి తర్వాత చూసుకోవాలట. అలాగైతే జనం ఊరికే వాడేసుకుంటారని మేనేజరు భయం. వాడుకోనివ్వండి అని అరిచాడట. మా వాడు అరవడం నేనెప్పుడూ వినలేదు. తిండి కూడా సరిగా తినడం లేదట.

మే 30
తమ్ముడు ఫోన్ చేశాడు. కంపెనీ ఒప్పుకుందట.

"ఇక మీ వీధి చివర ఎవరూ అలా నిలబడక్కర్లేదక్కా" అన్నాడు.

పంచరు కాదని తెలుసన్నమాట.

ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.