మూడో కనుమకి ఇవతల

మొదటి కనుమ కింది బస
రెండో రోజు సాయంత్రం

అత్తయ్యా,

మీరు అడగబోయేవాటికి ముందే జవాబులు చెప్పేస్తాను. వేళకి తింటున్నాను. రెండు కాళ్ళూ ఉన్నాయి. ఎడమ మడమ మీద బొబ్బ లేచింది కానీ మీరిచ్చిన పట్టీ వేసుకున్నాక నడక ఆగలేదు. సంచి భుజాల దగ్గర మీరు కుట్టిన మెత్తలు లేకపోతే ఈపాటికి చర్మం లేచిపోయేది. స్కూలు యూనిఫారాలు కుట్టే మిషను మీద అంత మందం గుడ్డ ఎలా తోశారో, ఎన్ని సూదులు విరిగాయో మీరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇవాళ మొదటి కనుమ దాటాను. పొద్దున్నే ఒక మంచునీళ్ళ వాగు. బూట్లు మెడకి వేలాడేసుకుని వట్టి కాళ్ళతో దాటి అవతలి ఒడ్డున కూర్చుంటే పాదాలు నావి కానట్టే ఉన్నాయి. తర్వాతంతా రాళ్ళ వాలు. రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారడమే. పైకి పోయేకొద్దీ ఊపిరి అందదు. నలభై అడుగులు వేయడం, చేతికర్ర మీద వాలి రొప్పడం, మళ్ళీ నలభై. చివరికొచ్చేసరికి ఆ నలభై కాస్తా పదిహేను అయింది. అప్పుడు మీ అబ్బాయి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. లిఫ్టులు బాగుచేసి ఊరందరినీ కాలు కదపకుండా పైకి పంపే మనిషి, నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, తను మాత్రం నడిచే ఎక్కాలనేవాడు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఏడవడానికి కూడా ఊపిరి ఉండాలని అక్కడే తెలిసింది.

ఈ దారి ఆరు రోజులు, మూడు కనుమలు. పోయినేడు మేమిద్దరం రెండున్నర నడిచాం. మూడోదాని దగ్గర తను మనకి లేకుండా పోయాడు. ఆ మిగిలిన సగం నడిచొస్తానని నేనన్నప్పుడు మీరు అడ్డుపడతారనుకున్నాను. వాదించడానికి మాటలన్నీ పేర్చుకుని మరీ వచ్చాను. మీరు మిషను మీంచి తలెత్తకుండా ‘వెళ్ళిరా’ అన్నారు, అంతే. అది నాకింకా మింగుడు పడలేదు.

ఈ బస నడిపే ఆవిడ నన్ను గుర్తుపట్టింది. పోయినేడు జంటగా వచ్చారు కదా, మీ ఆయనేరీ అని అడిగింది. పని ఉండి రాలేదని చెప్పాను. ఆవిడ రెండు గిన్నెలు పెట్టబోయి ఒకటి వెనక్కి తీసేసింది. ఎందుకు అబద్ధమాడానో నాకే తెలియదు. నోటికి అలవాటైపోయినట్టుంది.

మందులు వేళకి వేసుకోండి. చీకటి పడ్డాక నల్లబట్ట కుట్టకండి. కళ్ళద్దాలు మా షాపులో నేను కోసిచ్చినవే అయినా, కళ్ళు మీవి.

మీ కోడలు


మూడో కనుమ కింది బస
నాలుగో రోజు మధ్యాహ్నం

అత్తయ్యా,

వాన. ఎవరూ బయటికి కదలలేదు. బల్ల దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. కంచరగాడిదల మీద సరుకు తెచ్చే అతను ఇంకో గంటలో కిందికి దిగుతాడు, ఉత్తరాలు అతనే పట్టుకెళ్తాడు. మొన్నటిది కూడా ఇంకా నా దగ్గరే ఉంది. రెండూ కలిపి అతనికిచ్చేస్తే ఇక వెనక్కి తీసుకోలేను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఫోనులో మీ గొంతు వింటే ఈ మాట నా నోట్లోంచి రాదు.

కనుమ మీద మబ్బు కమ్మి మేం ఒకరికొకరం కనబడకుండా తప్పిపోయామని మీకు చెప్పాను. అందరికీ అదే చెప్పాను. వెతకడానికి వెళ్ళినవాళ్ళు కూడా అదే రాసుకున్నారు. మేం తప్పిపోలేదత్తయ్యా. పోట్లాడుకుని విడిపోయాం.

మా ఇద్దరికీ ఒక నియమం ఉండేది. కొండ మీద ఒకరు వద్దంటే ఇద్దరం వెనక్కి తిరగాలి, కారణం అడగకూడదు. అంతకు ముందు ఏడాది వేరే కొండ మీద నాకు విసుగు పుట్టి, తలనొప్పని నాటకమాడి తనని వెనక్కి తిప్పాను. ఇంటికొచ్చాక నవ్వుతూ నేనే చెప్పేశాను. తనూ నవ్వాడు. కానీ మర్చిపోలేదు. మూడో కనుమకి గంట దూరంలో ఉండగా పడమటి వైపు నల్లగా కమ్ముకొస్తుంటే నేను వద్దన్నాను. తను ఆగి, నా మొహం చూసి, ‘మళ్ళీ తలనొప్పేనా?’ అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం చెప్తుంటే నమ్మకపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. నోటికొచ్చిందల్లా అన్నాను. చివరికి, ‘నువ్వెళ్ళు. నేను దిగిపోతున్నా’ అన్నాను. ‘దిగు’ అన్నాడు. తను పైకి, నేను కిందికి. ఇద్దరిలో ఒక్కరమూ వెనక్కి చూడలేదు. ఏమో, తను చూశాడేమో. నేను చూడలేదు.

ఇక్కడిదాకా అయితే మొగుడూ పెళ్ళాల గొడవ. తర్వాతది వినండి. టెంటుకి మీరు కుట్టిచ్చిన రెండు సంచులు గుర్తున్నాయి కదా. గుడ్డ ఉన్నది తను మోసేవాడు, కడ్డీలు ఉన్నది నేను. అరగంట దిగి ఒక రాయి మీద కూర్చుంటే నా వీపు వెనక కడ్డీలు రాయికి తగిలి చప్పుడు చేశాయి. అప్పుడు తెలిసింది, తన దగ్గర వట్టి గుడ్డే ఉందని. తెలిసింది అత్తయ్యా. నాకు తెలియక జరగలేదు. అప్పటికి వాన చినుకులు కూడా పడలేదు. లేచి పైకి ఎక్కి ఉంటే గంటలో అందుకునేదాన్ని. కానీ నేనేమనుకున్నానో తెలుసా? గుడ్డ విప్పుకుని చూసుకుంటే తిక్క కుదిరి తనే దిగొస్తాడు, వచ్చి నన్ను బతిమాలతాడు అనుకున్నాను. ఏం మాటలు అనాలో కూడా దారిలో అనుకుంటూ దిగాను. ఈ బసకొచ్చి, ఈ బల్ల దగ్గరే కూర్చుని, వేడి వేడి టీ తాగాను.

తను రాలేదు. సాయంత్రానికి మంచు మొదలైంది. వెళ్తానన్నాను, ఇక్కడివాళ్ళు తలుపుకి అడ్డం నిలబడ్డారు. మర్నాడు దారి తెరుచుకోలేదు. మూడో రోజు తీసుకొచ్చారు.

ఇంకొకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. వెతికినవాళ్ళలో పెద్దాయన నాతో ఒక్కదానితోనే అన్నాడు, తను దొరికింది కనుమకి ఇవతల అని. అవతల కాదు. కిందికి దిగుతూ, ఒక బండ చాటున, ఆ గుడ్డ చుట్టుకుని. అంటే తను వెనక్కి తిరిగాడు. కడ్డీల కోసమో, నా కోసమో. నేను రాయి మీంచి లేచి ఓ గంట ఎక్కి ఉంటే దారిలో ఎదురెదురు పడేవాళ్ళం.

మీరు నన్ను ఒళ్ళో పెట్టుకుని ఓదార్చారు. పక్కింటివాళ్ళు నా జాతకం గురించి ఏదో గొణిగితే కత్తెర పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళారు. పదకొండు నెలలు మీ చేతి అన్నం తిన్నాను. మా అమ్మ పోయాక నాకు ఇల్లంటే మీరే. చెప్తే అదీ పోతుందని నోరు మెదపలేదు. భయం అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు.

రేపు కనుమ దాటతాను. ఎల్లుండి అవతలి ఊళ్ళో ఉంటాను, బస్టాండు పక్క లాడ్జిలో. చిరునామా కవరు వెనక రాశాను. పదిహేను రోజులు అక్కడే ఆగుతాను. మా కళ్ళద్దాల షాపు వాళ్ళది దూరపు ఊళ్ళో ఇంకో బ్రాంచి ఉంది, అక్కడికి మారతానని బయల్దేరేముందే అడిగాను, సరేనన్నారు. మీ దగ్గర్నించి ఏమీ రాకపోతే అటే వెళ్తాను. నా బట్టలు ఎవరికైనా ఇచ్చేయండి. మిమ్మల్ని క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

ఇలా సంతకం చేసే హక్కు ఇంకా ఉందో లేదో,
మీ కోడలు


ఇంటి దగ్గర్నించి
మంగళవారం

కోడలు పిల్లా,

రెండు ఉత్తరాలూ నిన్న ఒక్కసారే వచ్చాయి. మొదటిదే ముందు చదివాను. రెండోది సగంలో ఉండగా ఎవరో కోటు కొలతలకి వచ్చారు. రేపు రమ్మని పంపించి తలుపేసుకున్నాను.

నాకు తెలుసు. నువ్వు రాయకముందే తెలుసు. వాడి సామానూ నీ సామానూ తెచ్చి హాల్లో పడేసిన రోజున సర్దింది ఎవరనుకున్నావు? నువ్వు మంచం మీద ఉన్నావు. వాడి సంచిలో గుడ్డ, నీ సంచిలో కడ్డీలు. నా చేత్తో కుట్టినవి నాకు తెలియవా? ఆ రోజు నీ గది గుమ్మం దాకా వచ్చి నిలబడి వెనక్కి వెళ్ళిపోయాను. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని చూశాను. నిజంగా మబ్బులో తప్పిపోయి ఉంటే ఆ కడ్డీల మాటెత్తి ఏడ్చేదానివి, నువ్వు ఒక్కసారీ ఎత్తలేదు. ఓదార్చానని రాశావు. ఓదార్చింది నిజమే. నీకు అన్నం వడ్డించి, ముద్ద ఎలా దిగుతుందో చూస్తూ ఎదురుగా కూర్చున్న రోజులు కూడా నిజమే. అంత చెడ్డగా చూశాను నిన్ను. నువ్వు కొండకి వెళ్తానన్నప్పుడు తలెత్తలేదని కదా నీ బాధ. ఎత్తితే అడిగేసేదాన్ని. అడిగితే నువ్వు మళ్ళీ మబ్బు కథే చెప్పేదానివి. అప్పుడిక మనిద్దరికీ మాటలుండేవి కావు.

ఇప్పుడు నాది విను. ఆ టెంటు కొన్నప్పుడు ఒకే సంచిలో వచ్చింది. మీరిద్దరూ నువ్వు మొయ్యి, నువ్వు మొయ్యి అని పొద్దున్నించీ కీచులాడుకుంటుంటే నాకు చిర్రెత్తి, దాన్ని లాక్కుని కత్తెర పెట్టి రెండు చేశాను. చేసి, ‘తలా సగం మోసి చావండి’ అన్నాను. మాటవరసకే అన్నాను. రోజుకి పది సార్లు అనే మాట. నువ్వు పక్కనే ఉన్నావు, నవ్వావు కూడా. నీకు గుర్తుండదు. నాకు ఆ మాట పదకొండు నెలలుగా చెవిలో ఉంది. నువ్వు కడ్డీల సంగతి చెప్పలేదు, నేను కత్తెర సంగతి చెప్పలేదు. ఒక్క ఇంట్లో ఇద్దరం దొంగల్లా తిరిగాం.

కానీ ఒకటి నాకు తెలియదు. వాడు ఇవతల దొరికాడని నాకెవరూ చెప్పలేదు. కనుమ దగ్గర అన్నారు, అంతే. ఇన్నాళ్ళూ నేను వాడు అలిగి, మొండికేసి, వాళ్ళ నాన్నలాగే ఎవరి మాటా వినకుండా పోయాడనుకున్నాను. చచ్చినవాడి మీద కోపం పెట్టుకుని బతకడం ఎలా ఉంటుందో నీకు తెలియకూడదు. నీ ఉత్తరంలో ఆ నాలుగు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. వాడు వెనక్కి తిరిగాడు. నీ మాట విన్నాడు, ఆలస్యంగా విన్నాడు. కడ్డీల కోసమా, నీ కోసమా అని రాశావు. పిచ్చిదానా, వాడు ఎవరి కోసం తిరిగాడో కన్నదాన్ని నాకు తెలియదా.

క్షమించానని రాయను. రాస్తే అబద్ధమవుతుంది, ఇప్పటికే ఈ ఇంట్లో చాలా అయ్యాయి. నువ్వు ఆ రాయి మీంచి లేవలేదన్నది తలుచుకుంటే ఇప్పుడు కూడా మిషను ఆపేసి కుట్టేది అవతల పడేస్తున్నాను. ఆ కోపం ఉంటుంది. నువ్వు దూరపు ఊళ్ళో ఉంటే దాన్ని నేనెక్కడ పెట్టుకోను? గోడలతో పోట్లాడనా? నా ఎదురుగా ఉండు. తిడతాను, పడు. నీకు నా మీద కోపమొస్తే నువ్వూ తిట్టు, నేనూ పడతాను. వాడి పేరు ఎత్తితే నాతో కలిసి ఏడవడానికి నాకు మాత్రం నువ్వు కాక ఇంకెవరున్నారు?

బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. ఉతికి ఆరేశాను. ఈ ఉత్తరం అందిన రోజే బయల్దేరు. వాడు వెనక్కి తిరగడం ఆలస్యం చేశాడు, నువ్వు చెయ్యకు.

అత్తయ్య