ఎదురు షాపులో ఇంకు ట్యాంకులు

నర్సీపట్నం,
మంగళవారం.

గోవింద్,

ఫోన్లో అయితే అరిచేస్తానని కాగితం మీద రాస్తున్నాను. మా ఫ్లెక్సీ మెషీన్‌కి పెద్ద ఇంకు ట్యాంకులు ఏవి మంచివో చూసి చెప్పమని వేసవి నుంచి అడుగుతున్నాను. బ్యానరు సగంలో ఉండగా కార్ట్రిడ్జి ఖాళీ అయి చారలు పడుతున్నాయి. నువ్వేమో "సూస్తాన్లే అక్కా" అంటూనే ఉన్నావు. యలమంచిలిలో ప్రింటర్ల పని మా తమ్ముడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదని అందరికీ చెప్పుకున్నాను.

నిన్న చిల్లర కావాలన్న వంకతో ఎదురు షాపు లావణ్య దగ్గరికి వెళ్లాను. కొత్త ట్యాంకులతో ఆమె మెషీన్ ఆగకుండా నడుస్తోంది. బ్యానరు మీద ఎరుపు మొదటి నుంచి చివరిదాకా ఒక్కలాగే ఉంది. నాకు కడుపు మండిపోయింది.

"ఏ కంపెనీవి?" అని అడిగాను.

"నాకేటి తెలుసు? మీ తమ్ముడే ఎంచి, బిగించి ఎల్లాడు. మూత గట్టిగా ఉన్నదే కావాలని ఎంత తిరిగాడో వదినా," అంది.

మొన్నటిదాకా నన్ను మేడమ్ అనేది. ఆ 'వదినా' విన్నాక చిల్లర తీసుకోకుండానే వచ్చేశాను.

ట్యాంకుల సంగతి పోనీ, ఆమె సంగతి నాకెందుకు చెప్పలేదు?

ఆదివారం రా. ఆమెకి పెట్టినవే నాకూ బిగించు. భోజనానికి ఆమెనూ పిలుస్తాను. నీ పక్కన మాత్రం నేనే కూర్చుంటాను.

అక్క