మాస్టారు కోసే ఒక్క మార్కు

అమ్మకు,

నా జ్వరం పూర్తిగా తగ్గింది, కంగారుపడకు. ఈ సెలవులకి మాత్రం రాలేను. మా బడిలో లెక్కల మాస్టారు పోయారని రాశాను కదా. బడి తెరిచిన రోజు స్టాఫ్ రూములో నాకు కుర్చీ తుడిచి వేసింది ఆయనే. ఇప్పుడు ఆయన పదో తరగతి నాకు అప్పగించారు. పెద్ద పరీక్షలు దగ్గరపడ్డాయి, సెలవుల్లోనూ పాఠాలు చెప్పాలి.

అర్ధసంవత్సర పేపర్లు పంతొమ్మిదింట్లో ఆయన పద్నాలుగు దిద్దారు. మిగతా ఐదూ ఆయన సొరుగులో దొరికిన ఎర్ర పెన్నుతోనే నేను దిద్దాను. వాటిలో ఇక్కడి దర్జీ కూతురికి వందకి వంద వేశాను. పంచిన మర్నాడు ఆ పిల్ల పేపరు పట్టుకుని వచ్చింది.

"మాస్టారు ఎంత బాగా రాసినా దస్తూరికని ఒక మార్కు కోసేవారు టీచర్. నాకూ కొయ్యండి."

"తప్పొక్కటీ లేదు కదే, ఎలా కొయ్యను?"

"ఆయన దిద్దినట్టు ఉండాలి టీచర్."

వంద కొట్టేసి తొంభైతొమ్మిది వేశాను. పేపరు మడత పడకుండా పట్టుకుని వెళ్లిపోయింది. నేను బీరువా చాటున నిలబడి ఏడ్చాను.

అన్నయ్య పాత జామెట్రీ పుస్తకం అటక మీద ఉంటుంది, వెతికి పంపించు. నీ కంటి ఆపరేషన్ ఎప్పుడన్నారు? చుక్కలు మానకు. వదినని అడిగానని చెప్పు. నాన్నకి నమస్కారాలు. చోటు చాలక అక్షరాలు ఇరికించేశాను. దస్తూరి బాలేదని నాన్న ఒక మార్కు కోస్తానంటే కొయ్యనీ అమ్మా, కోసే మనిషి ఉన్నారు కదా.

నీ కూతురు