ముఖం అడగని పేజీ

నవంబర్ 4, మంగళవారం

సోషల్ మీడియాలో రిహానా పేజీకి తాళం పడింది. దబీర్‌పురా గల్లీలో పరదా వెనుక కూర్చుని ఆమె ఏళ్ల తరబడి చేసిన మగ్గం పని ఫొటోలన్నీ అందులోనే — పెళ్లి జాకెట్లు, దుపట్టా అంచులు. కంపెనీవాళ్లు కారణం చెప్పరు. తెరవాలంటే ముఖాన్ని అటూ ఇటూ తిప్పుతూ వీడియో పంపాలట. వారం గడువు. దాటితే అన్నీ తుడిచేస్తారు.

జాకెట్ కోసం నా భార్య సరోజతో వెళ్లాను. పరదా అవతలి నుంచి రిహానా — "మా మరుదులకే చూపియ్యని ముఖం అన్నా. ఆ మిషన్‌కు చూపియ్యాల్నా?"

నాకు కోపం వచ్చింది. 

నవంబర్ 5

ఆమె దుకాణానికి కావలసినవి: ఫొటోలు. ధరలు. గల్లీ గుర్తు. తలుపు తట్టవలసిన వేళలు.

అక్కర్లేనివి: ఆమె ముఖం. పుట్టిన తేదీ. చూడవచ్చిన ఆడవాళ్ల ఫోన్ నంబర్లు. వాళ్లు ఇంకెక్కడ ఏం చూశారన్న ఆరా.

ఈ రెండో వరుసే ఆ కంపెనీ వ్యాపారం. రిహానా పనితనం వాళ్లకు ఎర, అంతే!

ఎవరూ నేర్పకుండా, పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్న విద్య ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు... వెబ్‌సైట్ నేనే కడతాను.

నవంబర్ 7

అయింది. ఒకే పేజీ. తెలుగు, ఉర్దూ. ప్రకటనలు లేవు, లాగిన్ లేదు, వచ్చినవాళ్లను లెక్కపెట్టే కౌంటర్ లేదు. ఆమె ఫోన్‌లో మిగిలిన ఫొటోలు కొన్నే, అవే పెట్టాను. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది.

సరోజ — "గింతేనా? లైకులు ఏడ కొట్టాలె?"

కొట్టకూడదు.

నవంబర్ 8

రిహానా ఫోన్. "ఎంతమంది చూసిన్రు అన్నా?" తెలియదన్నాను. "తెల్వదంటే ఎట్ల? పెళ్లిళ్ల సీజన్. మగ్గం ఖాళీగున్నది."

కౌంటర్ పెట్టడం రెండు వరుసల కోడ్ పని. అలాంటి కంపెనీలవాళ్లే ఉచితంగా ఇస్తారు. ఇచ్చి, వచ్చిన ప్రతి మనిషి వెనకే వాళ్లింటి దాకా నడిచి వెళతారు. పెట్టను.

పెట్టనని రాయడం సులభం. ఖాళీ మగ్గం నాది కాదు.

నవంబర్ 9

మార్గం ఆమే చెప్పింది. "మా తలుపు ఎవరు కొట్టినా 'ఎవరింటి నుంచి?' అని అడుగుతం గదా. చెప్పినంకనే పరదా లేస్తది. గదే రాయి."

పేజీ అడుగున రాశాను: ఎవరింటి నుంచి అని అడిగితే 'పేజీ చూసి వచ్చాం' అనండి. చెప్పాలనిపిస్తేనే.

నవంబర్ 10

గడువు రేపటితో సరి.

పొద్దున తలుపు చప్పుడైందట. "ఎవరింటి నుంచి?" — "పక్కింటి నుంచే ఆపా, జర పెరుగు తోడు కావాలె." ఫోన్‌లో చెప్తూ రిహానా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

తర్వాత, నెమ్మదిగా — "రేపు సాయంత్రం అసర్ నమాజ్ దాకా చూస్త అన్నా. ఎవరు రాకుంటే ముఖం చూపిస్త. ఏం జేస్త మరి."

సరోజ వెళ్లి చూసి వచ్చింది. ఫోన్ మగ్గం మీద బోర్లా పెట్టి ఉందట.

నవంబర్ 11

అసర్ పిలుపు మాదన్నపేటలో మా మేడ మీదికి వినిపించింది. ఆమె ఫోన్ చేయలేదు. చేసి అడిగే హక్కు నాకు లేదు.

తాళం తీశారో లేదో ఆమె పాత పేజీ చూస్తే తెలిసిపోతుంది. తెరవబోయాను. చూడాలంటే ముందు నా ఫోన్ నంబరు ఇమ్మంటోంది.