మణికట్టు మీద ఇంటూ గుర్తు

సాన్ ఇసిద్రో,
ఏప్రిల్ 18

ప్రియమైన ఇందయ్,

చెల్లెల్ని ఇందయ్ అని పిలిచి ఏడాది కావస్తోంది. నువ్వు ఇలోయిలో ఊరికి లాంచీ ఎక్కిన రోజు నేను రేవుకి కూడా రాలేదు. ఉత్తరం రాద్దామని కూర్చున్నప్పుడల్లా చెయ్యి మొరాయించేది.

పండుగ జరిపించే దోన్యా రెమెడియోస్ మళ్ళీ కబురు పెట్టింది. మే పదిహేను పండక్కి పిల్లల ముఖాలకి రంగులు నన్నే వెయ్యమంది. ఒకటే షరతు. ఐదింటికి ఊరేగింపు బయల్దేరేలోగా వరుసలో ఒక్క పిల్ల కూడా మిగలకూడదు. మిగిలితే ఇక నన్ను పిలవదు. పండక్కి పిలుపు లేనిదాన్ని పుట్టినరోజులకి మాత్రం ఎవరు పిలుస్తారు?

మొన్న ఆదివారం ఒక పుట్టినరోజుకి ఒక్కదాన్నే వెళ్ళాను. మూడు గంటల్లో పద్దెనిమిది మందికే వేశాను. వరుస గేటు దాటి వీధిలోకి పోయింది. ఒకావిడ పిల్లాణ్ణి తెచ్చి నా ముందు కుదేసింది. "మావాడు ముందే నుంచున్నాడమ్మా, ఒంటికెళ్ళొచ్చాడంతే" అంది. వెనకావిడ ఊరుకుంటుందా? "అవునవును, పొద్దుట్నించీ పోస్తానే ఉన్నాడు పాపం!" అంది. అందరూ నవ్వారు, నేను తప్ప.

ఇన్నేళ్ళూ నా ముందు కూర్చున్న ముఖమే చూశాను గానీ వరుస ఎంతుందో తలెత్తి చూసిన పాపాన పోలేదు. అదంతా నీ పని. ఎలా నడిపేదానివో రాయి. లాంచీలో టికెట్లు చింపే తేబన్‌తో ఈ ఉత్తరం, నాలుగు పియాయా రొట్టెలు పంపుతున్నాను.

నీ మనాంగ్,
క్రిసాంతా

*

ఇలోయిలో,
ఏప్రిల్ 23

ప్రియమైన మనాంగ్,

అక్కవి కాబట్టి ప్రియమైన అని రాశాను. రొట్టెలు పక్కింటి పిల్లలకిచ్చాను.

పోయినేడు పండుగైన మూడో రోజుకల్లా పందొమ్మిది మంది పిల్లలకి కళ్ళకలక వచ్చింది. పాపం, ఆ బెనిత్‌కి చూపే పోతుందన్నారు, రెండు నెలలు కళ్ళకి కట్టుతోనే ఉంది. ఊరేమంది? "అక్కది రంగులేసే పని. కళ్ళు చూసి లోపలికి పంపాల్సింది చెల్లెలు. దానికే కళ్ళు కనబడవు" అంది. నాకు కళ్ళకలక నిల్దా అని పేరు పెట్టింది. చేపలమ్మే ఊర్సులా నా చేతి చిల్లర ముట్టుకోలేదు. ఇప్పుడు నువ్వు నన్నే పాఠం చెప్పమంటున్నావు! సరే, పిల్లలేం పాపం చేశారు, చెప్తాను.

అట్ట మీద మూడే బొమ్మలు పెట్టు. పులి, సీతాకోకచిలుక, పువ్వు. వరుసలో ఉండగానే ఎంచుకోవాలి. కుర్చీలో కూర్చోబెట్టి "ఏం కావాలి బంగారం" అని అడిగావో, కొంప మునిగినట్టే. మణికట్టు మీద అంకె వెయ్యి. అంకె ఉన్న పిల్ల వెళ్ళి తినొచ్చు, ఆడుకోవచ్చు, చోటెక్కడికీ పోదు. నాలుగింటికి ఆఖరి పిల్ల నడుముకి కాగితం తోక కట్టు. ఆ తర్వాత ఎవరొచ్చినా "తోక నాదే, అయిపోయింది పోండి" అని ఆ పిల్లే తరిమేస్తుంది. పెద్దవాళ్ళు నీతో పోట్లాడతారు గానీ తోకతో పోట్లాడరు.

వీటన్నిటికంటే ముందు కళ్ళు చూడు. ఎర్రగా ఉన్నా, పుసి కట్టినా అంకె వెయ్యకు. ఆకుపచ్చ రంగుతో ఇంటూ గుర్తు పెట్టి, బెలూను ఇచ్చి పంపెయ్. ఆ రోజూ నేను అలాగే చేశాను. పసుపు చొక్కా పిల్లాడొకడికి గుర్తు పెట్టినట్టు నాకు బాగా జ్ఞాపకం. కానీ ఇంటూ ఉన్న పిల్లాడెవడూ నీ కుర్చీ దాకా రాలేదని నువ్వే అందరి ముందూ అన్నావు. అయితే నేను చూడకుండా వదిలేసింది ఇంకెవరినో. ఏడాదిగా ఆ ముఖం గుర్తు చేసుకోవాలని చూస్తున్నాను, దొరకడం లేదు. నీకేమైనా జ్ఞాపకముంటే రాయి.

నిల్దా

*

సాన్ ఇసిద్రో,
ఏప్రిల్ 30

ప్రియమైన ఇందయ్,

నీ తోక అద్భుతం! నిన్న మేనమామ గారి వీధిలో బాప్తిస్మం విందుకి కట్టి చూశాను. తోక నాకంటే నాకని ముగ్గురు కొట్టుకున్నారు. దక్కినవాడు వీధి చివర నడుం మీద చేతులేసుకుని నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళనీ "రేపు రండి" అని పంపేశాడు. పాదిరీ గారు కాఫీ తాగడానికి వస్తే ఆయన్నీ ఆపాడు.

అంకెలు కూడా బాగానే పనిచేశాయి. అయినా మూడు గంటల్లో ఇరవై నాలుగు మందే. పిల్లకో కొత్త స్పాంజి, పిల్లకోసారి కొత్త నీళ్ళు పెట్టుకున్నాను, దానికి కొంత పడుతుంది మరి. పండుగ రోజు అరవై మందైనా వస్తారు. ఏం చెయ్యమంటావు?

పాత సంగతులు తవ్వుకోకు ఇందయ్. ఆరోగ్యం చూసుకో.

నీ మనాంగ్,
క్రిసాంతా

*

ఇలోయిలో,
మే 5

మనాంగ్,

తోక గురించి అంత రాశావు, నేనడిగినదానికి ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు.

మూడు గంటల్లో ఇరవై నాలుగు మందంటే ఒక్కొక్కరికి ఏడున్నర నిమిషాలు. నీది నాలుగు నిమిషాల చెయ్యి. తొమ్మిదేళ్ళు నీ పక్కన నిలబడ్డదాన్ని, నాకు తెలియదా? మిగతా సమయమంతా స్పాంజీలకీ నీళ్ళకీ పోతోంది. మంచిదే, ఎప్పుడో చెయ్యాల్సిన పని. కానీ ఆ రోజు "స్పాంజిది కాదు, తప్పంతా వరుసదే" అన్నది నువ్వు. స్పాంజి తప్పు లేకపోతే ఇప్పుడెందుకు అంతలా జంకుతున్నావు?

ఆ రోజు నీ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? పండక్కి ముందే రాయి.

నిల్దా

*

ఇలోయిలో,
మే 12

మనాంగ్,

తేబన్ రెండుసార్లు ఉత్త చేతులతో వచ్చాడు. మూడోసారి నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. నేను ఎదురుచూస్తున్నాను.

నిల్దా

*

సాన్ ఇసిద్రో,
మే 17

ప్రియమైన నిల్దా,

ఇందయ్ అని పిలిచే హక్కు నాకుందో లేదో చదివాక నువ్వే తేల్చుకో.

పసుపు చొక్కా పిల్లాడు నిజమే. దోన్యా మనవడు. వాడు వరుసలోంచి రాలేదు. నువ్వు చివర్న ఎవరితోనో వాదిస్తుంటే, దోన్యా వాణ్ణి నా వెనక నుంచి తెచ్చి కూర్చోబెట్టింది. "సాంతా, తొందరగా పులిని గీసెయ్, ఫోటోవాడొచ్చేస్తున్నాడు" అంది. వాడి మణికట్టు మీద నీ ఆకుపచ్చ గుర్తు ఉంది. కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. "గుర్తుంది దోన్యా" అన్నాను. "రంగు మరకే కదే, తుడిచెయ్" అంది. తుడిచాను. తుడిచిన స్పాంజితోనే పులిని వేశాను. ఆ స్పాంజితోనే సాయంత్రం దాకా అందరికీ వేశాను.

తర్వాత దోన్యా "తప్పు వరుసదేగా?" అంటే అవునన్నాను. పండుగ పని పోతుందని భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. ఉంటే బాగుండునని ఏడాదంతా వెతికాను.

మొన్న పండక్కి అరవై ముగ్గురు పిల్లలొచ్చారు. నువ్వు చెప్పినట్టే ముందు కళ్ళు చూస్తూ వెళ్ళాను. పన్నెండో పిల్లకి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బెనిత్ చెల్లెలు. గుర్తు పెట్టి బెలూను ఇవ్వబోయాను. వాళ్ళమ్మ నా చెయ్యి విసిరికొట్టింది. "పెద్దదాని కళ్ళు మీ చెల్లి పొట్టన పెట్టుకుంది, చిన్నదానికి బెలూనా? సిగ్గులేదూ మీ వంశానికి?" అంది. వెనక వాళ్ళంతా "అడుగమ్మా, బాగా అడుగు" అన్నారు. నీ పేరు పెట్టి ఒకావిడ అన్న మాట ఇక్కడ రాయలేను.

పక్కనే బ్యాండువాళ్ళ మైకు ఉంది. తీసుకున్నాను. ఇప్పుడు నీకు రాసిందంతా అందులో చెప్పాను. పిల్లాడి పేరు చెప్పలేదు, వాడేం చేశాడు? దోన్యా పేరు చెప్పాను, నా పేరు చెప్పాను. "నిల్దా గుర్తు పెట్టింది, నేను తుడిచాను" అని రెండుసార్లు చెప్పాను, వెనక ఉన్నవాళ్ళకి వినపడలేదేమోనని. దోన్యా వేదిక మీంచి "మైకు ఆపండ్రా" అని అరిచింది. అప్పటికే అయిపోయింది.

బెనిత్ వాళ్ళమ్మ వచ్చి చెంప మీద ఒక్కటిచ్చింది. ఇంకో రెండు ఇస్తుందనుకున్నాను. పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. తల్లులు ఒక్కొక్కరే పిల్లల చేతులు పట్టుకుని వరుసలోంచి తప్పుకున్నారు. చివరికి తొమ్మిది మంది మిగిలారు. వాళ్ళకి వేశాను. ఊరేగింపు బయల్దేరేసరికి వరుసలో ఒక్క పిల్లా లేదు. దోన్యా షరతు అలా తీరింది.

వచ్చే ఏడాది పండుగ పని లేదు. పుట్టినరోజులు రెండుంటే రెండూ వద్దన్నారు. నువ్వు రా అని అడిగే నోరు నాకు లేదు, క్షమించమని అడిగే ముఖం అంతకంటే లేదు. నువ్వు ఏ పిల్లనీ చూడకుండా వదల్లేదు. ఇక ఆ ముఖం కోసం వెతకొద్దు, అది లేదు.

ఊళ్ళో నిన్నెవరూ తిట్టడం లేదు. నన్ను తిడుతున్నారు, పొద్దున్న నీళ్ళకి వెళ్తే కూడా తిట్టారు. ఏడాది తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

నీ క్రిసాంతా