ర్యామ్ కొనకుండా పోయినవాడికి

సుధాకర్,

నువ్వు పోయి నాలుగు నెలలైంది. ఎలా ఉన్నావని అడగను... నేనెలా ఉన్నానో నువ్వూ అడగడం లేదు కదా.

నలుగురి ముందు నిన్ను మీరు అనేదాన్ని, మనిద్దరమే ఉన్నప్పుడు నువ్వు. ఇప్పుడు ఎవరున్నా నువ్వే. మర్యాద ఇవ్వడానికి ఏం ఘనకార్యం చేసి వెళ్ళావు గనక? ముందే చెబుతున్నాను, ఇది కన్నీళ్ళతో రాస్తున్న ఉత్తరం కాదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

హాల్లో కిటికీ కింద నువ్వు సగంలో వదిలేసిన కంప్యూటర్ సిస్టం అలాగే ఉండిపోయింది. క్యాబినెట్, మదర్‌బోర్డు, ప్రాసెసర్, అన్నీ బిగించావు. ర్యామ్ ఒక్కటే లేదు. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా సిస్టం నడవదని కూడా నాకు నువ్వు పోయాకే తెలిసింది. అంతకుముందు ఏది అడిగినా ఒకటే మాట... “నేనున్న గద మంజులా, నీకెందుకు పరేషాన్?”

ఏదీ? ఎక్కడున్నావు?

గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు, బ్యాంకు, అన్నిటికీ అదే మాట. అప్పుడు ముద్దుగానే అనిపించేది. నా మొగుడు నన్ను కాలు కింద పెట్టనివ్వడని మా చెల్లెలి దగ్గర గొప్పలు కూడా పోయాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే చేతిలో ఉన్న గిన్నె విసిరికొట్టాలనిపిస్తోంది.

ఆ సిస్టం మొదలుపెట్టింది నా కోసమే, కాదనను. చిక్కడపల్లి కార్డుల షాపులో ఏళ్ళ తరబడి పెళ్ళికార్డులు డిజైన్ చేసి నా మెడ పట్టేస్తుంటే చూడలేక అన్నావు, “ఒకరి కింద ఎన్ని దినాలు చేస్తవ్? ఇంట్లనే చేస్కో, మంచి మిషిన్ నేను కడ్త” అని. సరే, కట్టావు... కట్టి ర్యామ్ దగ్గర ఆగిపోయావు.

నువ్వు పోయిన రెండో నెలలో షాపు సేటు సగం షాపు అద్దెకిచ్చేశాడు. నా టేబుల్ తీసేశాడు. ఇంట్లో సిస్టం ఉంటే పని పంపిస్తాను, లేకపోతే వేరే చూసుకో అన్నాడు. ఆయన్నేం అనగలను?

ఇక నీ తమ్ముడు రమేష్. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు హాస్టల్ నడుపుతున్నాడు కదా, దాని వెనక గది నాకు ఇస్తాడట. నేను వెళ్ళి వంటగది చూసుకుంటే చాలట. “ఒక్కదానివి ఎట్లుంటవ్ వదినా? ఇంటి మనిషివే గద,” అన్నాడు. ఇంటి మనిషికి జీతం ఉండదని వేరే చెప్పాలా? రమేష్ చెడ్డవాడు కాదు. నామీద జాలి కూడా ఉంది. ఆ జాలితోనే నన్ను వందమంది అన్నం గిన్నెల ముందు నిలబెట్టేస్తాడు, నేను కృతజ్ఞతగా ఉండాలి.

ఈ ఇల్లు వదలకూడదంటే కిరాయి కట్టాలి. కిరాయికి పని, పనికి సిస్టం, సిస్టంకు ర్యామ్. జానెడు కూడా లేని ఆ ముక్క దగ్గర నా బతుకు ఆగిపోయింది సుధాకర్... నువ్వు ఆపి వెళ్ళావు.

ఆ ఆదివారం పొద్దున నువ్వేం చేస్తున్నావో గుర్తుందా? కింద కూర్చుని, ఫోన్‌లో ర్యామ్‌లు చూస్తున్నావు. ఈ బోర్డుతో ఏ ర్యామ్ నడుస్తుందో బోర్డు కంపెనీ వాళ్ళు పరీక్షించి పెట్టిన పట్టిక అది. వేగం ఎంత, ఎత్తు ఎంత, పైనున్న ఫ్యానుకు తగులుతుందా... ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో ఛాతీ రుద్దుకుంటున్నావు. ఏమైందని అడిగాను. “గ్యాస్ లే. సోడా తాగితే తగ్గుతది,” అన్నావు. డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద అన్నాను. “రేపు పోదాం తియ్,” అన్నావు.

ఒక ముక్క బోర్డుకు సరిపడుతుందా లేదా అని నెలల తరబడి చూసినవాడివి, గుండెలో నొప్పి ఏమిటో ఒక్క నిమిషంలో తేల్చేశావా? దానికి ఏ పట్టికా చూడాలనిపించలేదా? ఎవర్నీ అడగాలనిపించలేదా? నేను చెప్తే వినకూడదా?

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

ఆ ర్యామ్ అయినా కొన్నావా? అదీ లేదు. “రేట్ దిగనీ, అప్పుడు కొందం,” అని వాయిదా వేస్తూ పోయావు. దిగలేదు సుధాకర్. ఆకాశానికెక్కి కూర్చుంది. ఇప్పటి రేటు వింటే నీకు అప్పుడే గుండె ఆగేది... ఈ మాట అనకూడదు, తెలుసు. కొట్టేయను, ఉంచుతున్నాను. చదువు.

పోయిన వారం రమేష్ వచ్చాడు, హాస్టల్ ఆఫీసులో మూలపడేసిన పాత కంప్యూటర్‌లోంచి ర్యామ్ పీక్కొని. మంచికే తెచ్చాడు. బోర్డు మీది స్లాట్‌లో పెడితే కూర్చోలేదు. అటు తిప్పి పెట్టాడు, ఇటు తిప్పి పెట్టాడు. “జర గట్టిగ ఒత్తితే అదే కూసుంటది వదినా,” అని బొటనవేళ్ళు రెండూ దాని మీద పెట్టి బరువంతా వేయబోయాడు.

నేను అతని చెయ్యి పట్టుకుని లాగేశాను. మీ ఇంటి కోడలినయ్యాక నీ వాళ్ళమీద గొంతెత్తడం అదే మొదటిసారి. బోర్డు విరిగితే నువ్విస్తావా అని అరిచాను. కింది పోర్షన్ వాళ్ళు బయటికొచ్చి చూశారు. రమేష్ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు, ఆ ర్యామ్ ఇక్కడే వదిలేసి.

తర్వాత నేనే దాన్ని స్లాట్ పక్కన పెట్టి చూశాను. ర్యామ్ అంచులో ఒక గాటు ఉంది. స్లాట్‌లో ఒక అడ్డుగోడ ఉంది. రెండూ ఒకచోట లేవు, కొంచెం తేడా. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది. అది పాత తరం ర్యామ్, నీ బోర్డు కొత్తది. ఎంత ఒత్తినా కూర్చోదు, విరుగుతుందంతే. నెలల తరబడి నువ్వు నాకు చెప్పని రహస్యం ఇదేనా? ఇది నాకు అర్థం కాదనుకున్నావా?

మర్నాడు నారాయణగూడ వెళ్ళాను. ఫ్లైఓవర్ పక్క సందులో కంప్యూటర్ షాపు. బల్బు అడిగినట్టు ఒక ర్యామ్ ఇవ్వమన్నాను. షాపతను నవ్వలేదు, మంచివాడు. “బోర్డ్ ఏందో చెప్పక్కా. ఊకె ర్యామ్ ఇయ్యమంటే ఎట్లిస్త?” అన్నాడు. నాకేం తెలుసు? నువ్వెప్పుడైనా చెప్పావా? మొగుడు కొన్న బోర్డు పేరు తెలియక నడిబజార్లోంచి వెనక్కి తిరిగాను. ఎండలో చిక్కడపల్లిలో ఇంటి దాకా నడిచొచ్చాను, దారి పొడుగునా నిన్ను తిట్టుకుంటూ. ఎదురొచ్చిన ఒకావిడ నన్ను చూసి పక్కకు తప్పుకుంది.

పేరు బోర్డు మీదే ఉంది. స్లాట్‌ల పక్కనే, నిలువుగా, తెల్లటి అక్షరాల్లో. ఫోటో తీసుకుని మళ్ళీ వెళ్ళాను. షాపతను తన కంప్యూటర్‌లో నువ్వు చూసిన ఆ పట్టికే తెరిచాడు. నేను కౌంటర్ మీదికి వంగి, డబ్బా మీది నంబరు, పట్టికలో నంబరు, ఒక్కొక్క అక్షరం పోల్చుకున్నాను. రోజూ పెళ్ళికార్డుల్లో పేర్లూ ముహూర్తాలూ తప్పు పోకుండా చూసేదాన్ని... ఇది నాకు ఒక లెక్కా?

నువ్వేమో “జంటగనే కొనాలె, ఒక్క డబ్బల వచ్చినయే రెండు,” అనేవాడివి. నేను ఒక్కటే కొన్నాను. నా స్థోమత అంతే. తర్వాత ఇంకోటి కలిపితే పేచీ పెడుతుందేమోనని షాపతనూ చెప్పాడు, అయినా ఒక్కటే కొన్నాను. నచ్చలేదా? అయితే వచ్చి తిట్టు.

రా మరి.

బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంది, ఒక్క ర్యామే అయితే ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలని. పెట్టాను. గాటు కలిసింది. సరిపోయేదానికి కూడా కొంచెం బలం కావాలి. టక్‌మని కూర్చుంది. స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆపి మళ్ళీ వేశాను. అంతే.

రమేష్‌కు ఫోన్ చేస్తే, “షాపుల వాపస్ ఇచ్చేసి రా వదినా, గదికి రంగు కూడ ఏపిస్తున్న,” అన్నాడు. షాపతనికి చేశాను. “ఫస్ట్ టైం గదక్కా, బోర్డ్ కొత్త ర్యామ్‌ను చూస్కుంటది. జర టైం పడ్తది. బంద్ జెయ్యకు,” అన్నాడు.

అంటే నేనే తొందరపడి ఆపేస్తున్నానన్నమాట. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ నల్లటి స్క్రీన్ ముందు కూర్చున్నాను. ఊరికే కూర్చోలేదులే. గోడలకు వినిపించేలా నిన్ను తిట్టాను. సోడా తెచ్చిచ్చిన నా చేతుల్నీ తిట్టుకున్నాను.

అక్షరాలొచ్చాయి. బోర్డు పేరు, ప్రాసెసర్ పేరు, కింద నేను పెట్టిన ర్యామ్ ఎంతో.

నాకు సంతోషం రాలేదు సుధాకర్. ఇంకా ఎక్కువ మండింది. ఇంతేనా? ఇది నా చేతికి ఒక్కసారి ఇవ్వడానికి నీకేం అడ్డమొచ్చింది? నేను బిగిస్తుంటే నువ్వు పక్కన కూర్చుని, అట్ల కాదు ఇట్ల అని నా ప్రాణం తీస్తూ, స్క్రీన్ వెలిగినప్పుడు ఇద్దరం ఒకేసారి అరిచి ఉంటే... అలాంటి ఒక్క పూట ఇచ్చి పోలేకపోయావా? నీ మీద నా అసలు కోపం అది. మిగతావన్నీ దాని మీద పైపూత.

రమేష్‌కు రానని చెప్పేశాను. గదికి రంగు వేయించొద్దన్నాను. సరే వదినా అన్నాడు. సేటు రేపు పొద్దున మొదటి కార్డు పంపుతానన్నాడు, పెళ్ళిపిల్లది ముషీరాబాద్ అట.

నిన్ను క్షమించాలని అందరూ చెబుతున్నారు, మనసు తేలికవుతుందట. నాకు తేలిక అక్కర్లేదు. నీ మీద కోపంతోనే ఉంటాను. ఈ ఇంట్లోనే ఉంటాను.

మంజుల