మందు పట్టీ మీద కాపడం

ఆరోగ్యాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఒంటికి అతికించే నొప్పి మందు పట్టీల జాగ్రత్తలు కొనేవారికి నోటితో చెప్పించుట గురించి.

పోయిన మంగళవారం ఉదయం ఆరింటికి ప్రార్థన ముగించి నీళ్లు కాచాను. మా తమ్ముడు అద్దాలు బిగించే పనివాడు. నిచ్చెన మీంచి పడి వెన్ను దెబ్బతిని ఎనిమిది నెలలైంది. మాత్రలకు లొంగని నొప్పి అని డాక్టరుగారు మందు పట్టీ రాశారు. నడుం పట్టేసిందంటే రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి సరిగ్గా ఆ పట్టీ మీదే కాపడం పెట్టాను. మా ఇంట్లో ఏ నొప్పికైనా కాపడమే.

కాసేపటికి వాడు గురక పెట్టసాగాడు. ఎన్నాళ్లకో కునుకు పట్టిందని మరదలు తలుపు దగ్గరగా వేసింది. "గోడలు అదురుతున్నాయి వదినా" అని నవ్వింది కూడా. అందరం అడుగుల చప్పుడు కాకుండా తిరిగాం. తొమ్మిదింటికి గురక ఆగింది. వెళ్లి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి, ఊపిరి ఉండీ లేనట్టుంది.

ఆస్పత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి బతికించారు. వేడి తగిలితే పట్టీలోని మందు ఎక్కువగా ఒంట్లోకి దిగి ఊపిరిని మందగింపజేస్తుందనీ, ఆ గురక ఊపిరి అందక వచ్చినదనీ నర్సమ్మ చెప్పగా తెలిసినది. కావున మనవి చేయునది ఏమనగా:

1. పట్టీలు అమ్మినప్పుడు షాపులో ఎవరూ ఏమీ చెప్పలేదు. పెట్టెలోని కాగితం చీమ తలకాయంత అక్షరాల్లో, మాకు రాని భాషలో ఉన్నది.

2. షాపతనిని అడుగగా, "అందరూ వాడుతున్నారు కదమ్మా, మీకే ఎందుకిలా అయింది?" అని సెలవిచ్చినాడు. కాపడం పెట్టిన చెయ్యి నాదే.

3. విరుగుడు మందు మా పేటలో ఎక్కడా దొరకదు. ఆస్పత్రి గంట దూరం.

4. నిన్న ఆస్పత్రి నుంచి ఇంటికి పంపుతూ మరో పెట్టె అవే పట్టీలు ఇచ్చినారు. చీటీలో "యథాప్రకారం" అని మాత్రమే ఉన్నది. ఈ పట్టీలు వాడేవారు మా వీధిలో ఇంకా ఇద్దరున్నారు. చలి మొదలైనది. అందరి ఇళ్లలోనూ నీళ్లు కాగుతున్నవి.

తమరు దయతో చిత్తగించి, పట్టీకి వేడి తగలరాదనీ, గురకను నిద్ర అనుకోరాదనీ ప్రతి షాపులోనూ వెంటనే నోటితో చెప్పించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
రోగి పెద్దక్క

తా.క. నిన్న సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. పెట్టె పారేద్దామని మరదలు అంది. పట్టీ లేక వాడు నొప్పికి దుప్పటి కొరుకుతున్నాడు. చివరకు వాడే అన్నాడు, "అతికించక్కా. నిద్రపోయానని మాత్రం సంబరపడకు." ఇవాళే అతికిస్తాం. వంతులవారీగా ఒకరు పక్కన కూర్చుని వాడి ఊపిరి లెక్కపెట్టాలని అనుకున్నాం. మొదటి వంతు నాది. నిమిషానికి ఎన్నికి తగ్గితే లేపాలో మాకెవరూ చెప్పలేదు.